గౌరికి ముందు చెప్పాలని

పశువైద్యం డిగ్రీ పాసయ్యానని తెలిసిన మర్నాడే బయల్దేరాను. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కినదాన్ని నేనే మొదలు. అమ్మ వీధంతా చెప్పొచ్చి, "గౌరికి ఎవరు చెప్తారే?" అంది.

గౌరి మా గేదె. అమ్మకి మోకాళ్ళు అరిగి, నేను హాస్టల్లో ఉండిపోయి, రెండేళ్ళ క్రితం దాన్ని నాగాయలంక దగ్గర రమణమ్మత్తకి అమ్మేశాం. గేదెని అమ్మినా మెడలో పలుపుతాడు ఇవ్వరు కాబట్టి అది మా ఇంట్లోనే మేకుకి వేలాడుతోంది. దాని బదులు అమ్మ పాలు పితికేటప్పుడు కట్టుకునే ఆకుపచ్చ చీర ఇచ్చింది. ఆ చీర వాసన లేకపోతే గౌరి పాలు చేపదు.

"అది మనల్ని మర్చిపోయిందో లేదో చూసిరా. నెమరు లెక్కపెట్టు" అంది అమ్మ. నాకు అంకెలు వచ్చింది గౌరి దవడ చూసే. చదువురాని అమ్మ నన్ను దాని ముందు కూర్చోబెట్టి, ఒక్కో ముద్దకి ఎన్నిసార్లు నమిలిందో చెప్పమనేది. నలభైకి తగ్గితే ఒంట్లో బాగోలేనట్టు. నాలుగు అరల పొట్ట గురించి పరీక్షలో అడిగినప్పుడు నేను రాసింది పుస్తకం కాదు, గౌరినే.

ఉదయం ఆరున్నరకి గుడివాడలో రైలెక్కాను. పామర్రు మీదుగా బస్సులో వెళ్తే దగ్గరే. కానీ మంచి కబురుతో వెళ్తూ బందరు లడ్డూ లేకుండా ఎలా? పెడన దాటాక ఎదుటి సీట్లో ఆయన "ఏం చదివావమ్మా?" అన్నారు. చెప్పాను. ఆయన అడగకపోయినా పక్కాయనకీ చెప్పాను.

బందరులో ఇడ్లీ తిని, అరకేజీ లడ్డూ కట్టించుకుని, తొమ్మిదిన్నరకి అవనిగడ్డ బస్సెక్కాను. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ వంతెన మీదకి వచ్చేసరికి ఏటిగాలి మొహానికి కొట్టింది. అవనిగడ్డలో షేర్ ఆటో. అందులో ఒళ్ళో మేకపిల్లతో ఒక మామ్మగారు.

"డాక్టరమ్మవా? దీని తల్లికి పైన ముందుపళ్ళన్నీ ఊడిపోయాయి, చూడమ్మా."

"ఊడలేదు మామ్మగారూ. నెమరేసే వాటికి పైన ముందుపళ్ళు ఉండవు."

"నాకూ లేవుగా. నేనూ మేకనేనా?" అంది. ఆటో డ్రైవరు పక్కకి ఆపి మరీ నవ్వాడు.

ఒంటిగంటకి రమణమ్మత్త ఇల్లు చేరాను. దొడ్లో అటు తిరిగి కుడితి కలుపుతున్న మనిషిని చూసి కాళ్ళు ఆగిపోయాయి. అమ్మే అనుకున్నాను. ఆకుపచ్చ చీర బాగా వెలిసిపోయింది.

"వచ్చావా తల్లీ! ఇప్పటికీ ఇది కట్టుకుంటేనే పాలిస్తంది మహాతల్లి" అంది అత్త.

గౌరి పాకలో పడుకుని ఉంది. పరిగెత్తి మెడ పట్టుకున్నాను. "గౌరీ, పాసయ్యానే!"

అది తల కూడా తిప్పలేదు. కళ్ళు సగం మూసుకుని నములుతూనే ఉంది. ముద్ద మింగింది. ఇంకోటి మెడ లోపల నుంచి పైకి జారి బుగ్గలోకి వచ్చింది. లెక్కపెట్టాను. యాభై నాలుగు. సంతోషించాల్సింది. కానీ ఒక్కసారీ నావైపు చూడలేదు.

అమ్మకి ఫోన్ చేశాను.

"ఎన్ని?" అంది ముందుగా.

"యాభై నాలుగు."

"బానే ఉందన్నమాట. గుర్తుపట్టిందా?"

"నములుతూనే ఉంది" అన్నాను.

"ఫోను దాని చెవి దగ్గర పెట్టు."

స్పీకర్ ఆన్ చేసి పెట్టాను. "గౌరమ్మా... ఏమ్మా, తిన్నావా?" అంది అమ్మ, పొద్దున్నే పాకలోకి వెళ్తూ అనే ఆ గొంతుతోనే.

దవడ ఆగిపోయింది. ముద్ద బుగ్గలోనే ఉంది. చెవులు రెండూ ఫోను వైపు తిరిగాయి.

"వదినా, నమలడం ఆపేసింది!" అని అరిచింది అత్త.

"ఆపేసిందా? అయ్యో, వద్దొద్దు. పెట్టేస్తన్నా. నమలనియ్యండి దాన్ని." ఫోన్ కట్టయింది.

గౌరి చాలాసేపు అలాగే ఉంది.

నాలుగున్నరకి అత్త సీసా నిండా పాలు పోసిచ్చింది. తిరుగు ప్రయాణం అడ్డదారినే, చల్లపల్లి, కూచిపూడి, పామర్రు. మీరూ వెళ్తే సాయంత్రమే రండి. దారి పొడవునా కాలవ గట్ల మీద గేదెలు ఇళ్ళకి మళ్ళుతుంటాయి. ప్రతిదాని మెడా చూస్తూ కూర్చున్నాను.

పామర్రులో బస్సు మారుతుంటే అమ్మ ఫోన్.

"మళ్ళీ మొదలెట్టిందా?"

"మొదలెట్టింది. అరవై దాకా నమిలింది."

"హమ్మయ్య. పాసయ్యావని చెప్పావా?"

"వెళ్ళగానే చెప్పా."

"నేనూ చెబుదామనే అనుకున్నానే," అంది అమ్మ. "నమలడం మానేసిందంటే గాబరాలో మర్చిపోయా."