కూలరు తొట్టిలో తూనీగలు

నా చిన్నప్పుడు నన్ను అందరికంటే ఎక్కువగా తిట్టిన మనిషి మా మావయ్య. అమ్మకు తమ్ముడు. మొన్న చలికాలంలో పోయాడు. చర్చిలో ఆయన గురించి మాట్లాడినవాళ్లందరూ ఆయన ప్రేమగలవాడనీ, పిల్లలంటే ప్రాణం పెట్టేవాడనీ చెప్పారు. నేను చివరి బల్ల మీద కూర్చుని విన్నాను. ఆయనకు పిల్లలంటే ఇష్టం లేదు. నేనంటే అసలు లేదు. పోయినవాళ్ల గురించి మంచే మాట్లాడాలన్న మర్యాద నాకు తెలుసు. కానీ ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే, దానికీ ఈ మర్యాదకూ పొసగదు.

ఢిల్లీలో మెట్రో కోసం రోడ్లన్నీ తవ్వి పెట్టిన రోజులవి. నగరం దక్షిణపు కొసన, చుట్టూ కాలనీలు లేచినా ఇంకా ఊరుగానే మిగిలిన ఒక చోట, మూడంతస్తుల ఇంటి డాబా మీద ఉన్న ఒంటి గదిలో మేం అద్దెకుండేవాళ్లం. నాన్న మస్కట్‌లో పని. అమ్మ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. బాపట్ల వైపు నుంచి వచ్చిన మావయ్య జియా సరాయ్‌లో కోచింగ్ తీసుకుంటూ, లెక్చరర్ ఉద్యోగానికి కావలసిన పరీక్ష రాస్తూ ఉండేవాడు. రాసిన ప్రతిసారీ తప్పేవాడు. తప్పిన ప్రతిసారీ గదిలో ఆయన పడుకునే మూలకు కట్టిన పాత చీర తెర ఇంకొంచెం ఇటు జరిగినట్టు, మా చోటు ఇంకొంచెం తగ్గినట్టు నాకు అనిపించేది.

మాకు పడేది కాదు. నా డ్రాయింగ్ పుస్తకం మీద ఆయన టీ గ్లాసు పెట్టేవాడు. ఆయన టీలో నేను ఉప్పు వేశాను. నాకు ఆయన పెట్టిన పేరు మొద్దు. ఆయన వెళ్లిపోయేలా చెయ్యమని రాత్రి ప్రార్థనలో నేను పైకే అడిగేదాన్ని, ఆయనకు వినబడేలాగా.

"నీ దేవుడికి చెప్పు, నేను కూడా అదే అడుగుతున్నానని," అనేవాడు తెర వెనక నుంచి.

బడి సెలవుల్లో అమ్మ డ్యూటీకి వెళితే నన్ను చూసుకోవలసింది ఆయనే. మధ్యాహ్నం ఆ గదిలో ఉండలేకపోయేవాళ్లం. ఊరి వెనక ఒక చెరువుండేది. అక్కడివాళ్లు జోహడ్ అంటారు. ఒక పక్క గేదెలు, ఒక పక్క ప్లాస్టిక్ సంచులు, ఇంకో పక్క నుంచి వచ్చి కలిసే మురుగునీళ్లు. అక్కడ ఒక వేపచెట్టు కింద రాయి చూపించి "కూర్చో. మాట్లాడకు" అని, తను పుస్తకం తెరిచేవాడు. మాట్లాడకుండా ఉండడం నాకు చేతకాదు. నీళ్ల మీద తిరిగేవాటిని చూపించి అదేమిటి అని అడిగాను.

"నువ్వు చెప్పు."

"తూనీగ."

"మరి అది?"

"అది కూడా తూనీగే."

"మీ అమ్మా అంతే, మా ఊరివాళ్లంతా అంతే. పట్టుకుని తోకకి దారం కట్టడానికి పేరెందుకులే," అన్నాడు. ఆయన మొహంలో ఉన్నది వెటకారమే. కానీ పుస్తకం మూసేశాడు.

ఆ వేసవి మిగిలిన రోజులన్నీ అలా గడిచాయి. దాన్ని నేర్పడం అంటే నేను ఒప్పుకోను. ఆయన ఏదీ చెప్పేవాడు కాదు. అడిగేవాడు. ఎలా కూర్చుంది? రెక్కలు చాపిందా, వీపు మీద మూసిందా? రంగు ఒంటిదా, రెక్కదా? శుభ్రమైన నీళ్ల వైపుందా, మురుగు వైపుందా? వాటికి ఇంగ్లీషు పేర్లుంటాయని తెలిసి అడిగితే నీకు నోరు తిరగదన్నాడు. నన్నే పెట్టుకోమన్నాడు. అయితే పేరులో నేను కంటితో చూసింది ఏదో ఒకటి ఉండాలి. ఒకదానికి దయ్యం తూనీగ అని పెడితే, "దయ్యాన్ని ఎక్కడ చూశావు?" అని కొట్టేశాడు.

అలా మురుగు కాలువ పక్క గడ్డి మీద వాలే, రెక్కల్లో నారింజ రంగున్నది మురుగు నారింజ అయింది. నీళ్లు ఎంత పాడైతే అది అంత ఎక్కువగా కనిపించేది. ఆకుపచ్చ ఒంటి మీద నల్లచారలతో నేలకు దగ్గరగా కూర్చుని, తోటి తూనీగల్నే పట్టి తినేది పులి. మిరపపండులా ఎర్రగా ఉండేది ఒకటీ, పసుపుది ఒకటీ రెండు వేరు జాతులని నేనంటే తప్పన్నాడు. ఎందుకు తప్పో చెప్పలేదు. మళ్లీ అడిగితే మళ్లీ తప్పన్నాడు. నాకు ఏడుపు వచ్చి, ఇంటికి పోదామన్నాను. చివరికి ఒక రోజు పసుపుది తోక చివర నీళ్లకు తాకిస్తూ గుడ్లు పెడుతుంటే, ఎర్రది దాని పైనే తిరుగుతూ వేరేవాటిని తరమడం చూశాను. "మొగుడూ పెళ్లాలు!" అన్నాను.

"ఇది చూసి చెప్పావు. మొన్న చెప్పింది నువ్వు అనుకున్నది," అన్నాడు. మెచ్చుకోలేదు. నేనూ మెచ్చుకుంటాడని ఎదురుచూడలేదు.

వానలు మొదలయ్యాక కూర్చోనివి వచ్చాయి. ఆ పేరూ నేను పెట్టిందే. గోధుమ పసుపు రంగులో ఉంటాయి, గుంపులుగా డాబాల మీద తిరుగుతాయి, ఎంతసేపు చూసినా ఎక్కడా వాలవు. వీధిలో ఆగిన నల్లకారు మీద ఒకటి పదేపదే తోక కొడుతుంటే మావయ్య చూపించాడు. "చెరువనుకుని కారుకు గుడ్లు పెడుతోంది. దానికీ నీకున్నంతే బుర్ర." మా డాబా మీద పాత కూలరు తాలూకు ఇనుప తొట్టి ఒకటి వాననీళ్లతో నిండి ఉండేది. కూర్చోనిది అక్కడ కూడా తోక ముంచి వెళ్లింది. కొన్నాళ్లకు తొట్టి అడుగున మట్టిరంగులో, సాలీడుకున్నట్టు కాళ్లతో, వెడల్పు పొట్టలతో పురుగులు కదలడం కనిపించింది. తూనీగ పిల్లలు. రోజూ టీ వడపోసే జాలీతో తీసి చూసి మళ్లీ వదిలేదాన్ని. నీళ్లపైన తలకిందులుగా వేలాడుతూ మెలికలు తిరిగే దోమ పిల్లల్ని అవి చటుక్కున పట్టి తినేవి. నాకు ఆ ఇంట్లో నాది అనిపించిన వస్తువు ఆ తొట్టి ఒక్కటే.

అదే సమయంలో ఊళ్లో జ్వరాలు మొదలయ్యాయి. కింద ఉండే ఇంటి ఓనరు ఆంటీ మనవడికి కూడా వచ్చింది. ఆంటీకి మొదటి నుంచీ మేమంటే గిట్టదు. మా చేపల కూర వాసన గిట్టదు, ఆదివారం పాటలు గిట్టవు, అమ్మ నైట్ డ్యూటీ ముగించుకుని పొద్దున్నే ఇంటికి రావడం గిట్టదు. దక్షిణాది వాళ్లంతా ఆమెకు మద్రాసీలే. మాది మద్రాసు కాదని అమ్మ మొదట్లో చెప్పేది, తర్వాత మానేసింది.

ఒక పొద్దున మున్సిపాలిటీ నుంచి దోమల్ని వెతికే మనిషి టార్చి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. వెనకే ఆంటీ. ఆ వెనక, డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన అమ్మ, ఇంకా చెప్పులు కూడా విప్పలేదు.

"దేఖో భయ్యా, మచ్ఛర్ పాల్ రఖే హైఁ మద్రాసియోఁ నే," అంది ఆంటీ తొట్టి చూపిస్తూ. దోమల్ని పెంచుతున్నామట. అందులో దోమలుంటే ఈ నెలలోనే గది ఖాళీ చెయ్యాలని, ఆ మనిషిని సాక్షిగా పెట్టి చెప్పింది. ఆ రోజుల్లో మాకు గది దొరకడం ఎంత కష్టమో నాకూ తెలుసు. దీనికి ముందు చూసిన ఇళ్లలో మాంసం తింటారా అని అడిగి, మా పేర్లడిగి, ఆలోచించి చెబుతామన్నారు.

"దోమలు కావు దీదీ. నా తమ్ముడు సైన్సు చదివాడు, వాడే చెబుతాడు," అని అమ్మ హిందీలో గట్టిగా అని, మావయ్య వైపు తిరిగి తెలుగులో, గొంతు తగ్గించి, "చెప్పరా. తూనీగలని చెప్పు," అంది.

తొట్టిలోకి టార్చి వేసిన మనిషికి ఏదీ తేలలేదు. అడుగున పాకేవి ఏమిటో అతనికి తెలియదు. ఏం చెబితే అది రాసుకుని పోయేలా ఉన్నాడు. మావయ్య జాలీ తీసుకుని తొట్టి మూల ముంచి పైకెత్తాడు. పక్కనే నిలబడ్డ నాకు కనిపించింది. రెండు తూనీగ పిల్లలు. వాటి పక్కన, కామాలా వంగి కొట్టుకుంటున్న దోమ పిల్ల ఒకటి. ఇంకొకటి కూడా. తూనీగ పిల్లలు అన్నిటినీ తినలేదు.

ఆయనకూ కనిపించింది. తర్వాత జాలీ నా చేతిలో పెట్టాడు.

"నువ్వు చెప్పు. ఏం కనిపిస్తోంది?"

అమ్మ నన్ను చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. కానీ వేసవి అంతా నన్ను తిట్టి తిట్టి ఆ ప్రశ్న అడిగిన మనిషి ఎదురుగా ఉన్నాడు. దానికి ఒక్క రకంగా జవాబివ్వడమే నాకు అలవాటైంది. తూనీగ పిల్లలున్నాయి, దోమ పిల్లలు కూడా ఉన్నాయి అని హిందీలో చెప్పాను.

"సునా?" అంది ఆంటీ. "బచ్చీ నే ఖుద్ బోలా." పిల్లే స్వయంగా చెప్పిందని.

ఆ మనిషి తొట్టిని కాలితో తన్ని పడేశాడు. నీళ్లు డాబా అంతా పారాయి. తూనీగ పిల్లలు వేడెక్కుతున్న సిమెంటు మీద కాళ్లు ఆడిస్తూ పడ్డాయి. అమ్మ గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. లోపలి నుంచి తమ్ముణ్ణి తిట్టింది. "నీ చేతిలో ఉన్నదాన్ని పసిదాని చేతిలో పెడతావా? సిగ్గుందా నీకు? తినేది నా అన్నం, ఉండేది నా గది!"

నేను దొరికినన్ని మగ్గులో ఎత్తుకుని చెరువు వైపు నడిచాను. కాసేపటికి వెనక ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. రావద్దన్నాను. వచ్చాడు. నేను మగ్గు వంచుతుంటే, ఇక్కడ బతకవు, ఇక్కడ వీటిని తినేవి చాలా ఉన్నాయన్నాడు. నేను ఒక రాయి తీసి ఆయన మీదికి విసిరాను. మోకాలికి తగిలింది.

"నీవల్లే," అన్నాను. "నువ్వే చెప్పి ఉండొచ్చుగా! తూనీగలేనని!"

మోకాలు రుద్దుకుంటూ రాయి మీద కూర్చున్నాడు. "అదే చెప్పబోయాను," అన్నాడు. "నోటి దాకా వచ్చింది. అందుకే నీకిచ్చాను."

నాకు అర్థం కాలేదు. కింద జ్వరంతో పడుకున్న పిల్లాడి గురించి ఇంకేదో అన్నాడు, నేను వినిపించుకోలేదు. ఆ నెలాఖరుకు గది ఖాళీ చేశాం. కొత్త గది కిటికీ లేనిది, అమ్మ ఆసుపత్రికి చాలా దూరం. మావయ్య మాతో రాలేదు, ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఇంకెవరితోనో గది పంచుకున్నాడు. నా ప్రార్థన ఫలించిందని నేను సంతోషించాలి. ఆ తర్వాత అమ్మా ఆయనా పెళ్లిళ్లలో, చర్చిలో కలిస్తే బాగున్నావా అంటే బాగున్నావా అనుకునేవాళ్లు. అంతే.

ఆ పరీక్ష ఆయన ఎప్పటికీ పాసవలేదు. నోయిడాలో ఒక బడిలో చాలా ఏళ్లు సైన్సు చెప్పాడు. అక్కడి పిల్లలు ఆయనకు ఏ పేరు పెట్టారో నేను ఊహించగలను. కాలేయం పాడై మంచాన పడ్డాడని తెలిసి అమ్మా నేనూ వెళ్లాం. ఒంటి రంగు మారడం ఆయనకు తెలియకూడదని అత్తయ్య, ఇంట్లో అద్దాలన్నీ తీసేసింది. ఆయన ఫోన్ కూడా దాచింది. వచ్చినవాళ్లందరితో, రంగు తేరుకున్నారని చెప్పమని గుమ్మంలోనే చెప్పి పంపేది. అందరూ అలాగే చెప్పేవాళ్లు.

మేం రెండోసారి వెళ్లినప్పుడు ఆయన చెయ్యి ఊపి పిలిచాడు. "ఏయ్ మొద్దూ, ఇటు రా. నా కళ్లు చూడు. ఏం కనిపిస్తోంది?"

అత్తయ్య ఆయన తల వెనక నుంచి వద్దన్నట్టు తల ఊపింది. బతుకంతా నర్సుగా చేసిన మా అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను వంగి, కింది రెప్ప కొంచెం లాగి చూశాను.

"పసుపుగా ఉన్నాయి మావయ్యా. మొన్నటికంటే ఎక్కువ. గోళ్లు కూడా."

"సరిగ్గా చూశావా?"

"చూశాను."

ఊఁ అన్నాడు. కోపంగానే అన్నాడు. "అక్కను ఇటు రమ్మను. మీరంతా బయటికి పోండి," అన్నాడు. తలుపు వేసుకుని ఆ ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో అమ్మ నాకు చెప్పలేదు. ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు.

అత్తయ్య నాతో ఇప్పటికీ మాట్లాడదు. ఆమె వైపు నుంచి చూస్తే అది న్యాయమే. చెరువు దగ్గర ఆయన నాకిచ్చింది మంచిదో చెడ్డదో నేను ఇంకా తేల్చుకోలేదు. డాబా మీద ఆయన తన భయాన్ని ఒక పిల్ల చేతిలో పెట్టి తప్పుకున్నాడని ఒక రోజు అనిపిస్తుంది. తన మీద లేని నమ్మకం నా మీద పెట్టాడని మర్నాడు అనిపిస్తుంది. కానీ ఎవరైనా నన్ను ఏదైనా చూసి చెప్పమని అడిగితే మాత్రం, ఆ తడి జాలీ మళ్లీ నా చేతికి వస్తుంది. పక్కన ఎవరు ఎలా చూస్తున్నా, ముందు దాని మీదికి వంగుతాను.