బుల్లెట్‌కు సెలవు

మా వరండాలో మెట్ల పక్కన అరచేయంత నూనె మరక ఒకటుంది. మా ఆవిడ దాన్ని కిరసనాయిలుతో తుడిచింది, సబ్బుపొడితో తోమింది, చివరికి విసిగిపోయి ఈవేళ పొద్దున్న దాని మీదే ముగ్గు పెట్టేసింది. పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను గానీ, నేను చూస్తున్నది ముగ్గులోంచి తొంగిచూస్తున్న ఆ నలుపునే. అది మొన్నటిదాకా అక్కడ నిలబడిన మా బుల్లెట్ మోటారు సైకిలు వదిలివెళ్ళిన గుర్తు.

కుడికాలి కింద గేరు, ఎడమకాలి కింద బ్రేకు ఉండే ఆ కాలపు బండి నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇప్పటి బళ్ళకు అంతా తారుమారు. మా అల్లుడు ఒకసారి సరదాపడి తీసుకెళ్ళి, బ్రేకనుకుని గేరు తొక్కి, ప్రేమ్ బజార్‌లో పానీపూరీలమ్మే ఒక ఫుచ్కా బండిని పలకరించి వచ్చాడు. ఆ ఫుచ్కా దాదాని బుజ్జగించడానికి నాకు వచ్చిన బెంగాలీ అంతా ఖర్చయింది.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరిన కొత్తలో కొన్నాను దాన్ని. ఉద్యోగం నుంచి నేను రిటైరయ్యాను, దానికి మాత్రం టైర్లే మార్చాను, కాబట్టి 'రీ-టైరు' అన్న మాట నాకన్నా దానికే బాగా నప్పుతుంది. షిఫ్టు దిగి నేను ఇల్లు చేరేసరికి టీ గ్లాసు పొగలు కక్కుతూ ఉండేది. మా ఆవిడ గడియారంలాంటి మనిషని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి గానీ, ఓవర్‌టైము చేసి ఆలస్యంగా వచ్చిన రోజున కూడా ఆ టీ అంతే వేడిగా ఎలా ఉండేదో ఒక్కసారీ ఆలోచించలేదు.

నిరుడు మోకాలికి ఆపరేషను జరిగింది. డాక్టరుగారు ఇక కిక్కు పనికిరాదన్నారు. ఏ కిక్కో ఆయన వివరించలేదు, మా ఆవిడ అడగలేదు, రెండూ మానిపించేసింది. అప్పటినుంచి బండి మూగబోయింది. ఆడించకపోతే ఇంజను పాడవుతుందని తెలిసీ కదల్చలేకపోవడం నావంటి వాడికి నామోషీగా ఉండేది. సరే, అమ్మేద్దామనుకున్నాను. తాల్‌బగీచాలో ఉండే స్టీలు సామాన్ల కొట్టు మనిషి ఒకాయన, మన శ్రీకాకుళం వైపు వాళ్ళే, వరసలేవీ లేకపోయినా మావయ్యా అంటాడు, నేను మోకాలు చూపించుకోవడానికి వెళ్ళిన రోజున వచ్చి, కిక్కు కొట్టి చూసి, ఖాయం చేసుకుని పోయాడట. ఏడాది తర్వాత బండి మోగిన రోజున ఊరంతా విన్నది, నేను తప్ప. అందుకే ఆయనకు ఫోను చేసి, తీసుకెళ్ళే రోజున మా గుమ్మంలోనే స్టార్ట్ చెయ్యాలని, వీధి చివరిదాకా వెనక సీటులో కూర్చుంటానని మాట తీసుకున్నాను. వచ్చి తీసుకెళ్ళడానికి ఆయన తన కొట్టుకు సెలవుండే రోజేదో చెప్పాడు. నా ధ్యాసంతా వినబోయే ఇంజను చప్పుడు మీదే ఉంది, ఠీక్ హై అనేశాను.

ఆ రోజు పొద్దున్నే మా ఆవిడ బండికి బంతిపూల దండ వేసి బొట్టు పెడుతుంటే అప్పుడు తెలిసింది, అది విశ్వకర్మ పూజ రోజని. వర్క్‌షాపు వాడిని, ఆ పండగే మరిచిపోయాను.

నా చిన్నతనంలో ఆ రోజున వర్క్‌షాపులోకి ఇంటివాళ్ళందరినీ రానిచ్చేవారు. అక్కడే పనిచేసే మా నాన్న నా చెయ్యి పట్టుకుని తిప్పి చూపించేవాడు. లేతు మిషన్లు మెళ్ళో దండలు వేసుకుని పెళ్ళివారిలా నిలబడి ఉండేవి, ఎక్కడా చప్పుడుండేది కాదు. ఏడాదంతా మనకోసం తిరిగినదానికి ఈవేళ సెలవు అనేవాడు నాన్న. ఇంట్లో అమ్మ కుట్టుమిషనుకీ అంతే. తన సైకిలు కూడా ఎక్కకుండా, పక్కన నడిపించుకుంటూ తీసుకెళ్ళేవాడు. నేను బండి కొన్నాక నాదీ అదే పద్ధతి. ఆ ఒక్కరోజూ నడిచే డ్యూటీకి వెళ్ళేవాణ్ణి.

కొట్టాయన వచ్చాడు. ప్యాంటు మడిచి, కిక్కు మీద కాలు పెట్టి నావైపు చూశాడు.

"ఏటి మావయ్యా, కొట్టమంటావా?"

నా చెయ్యి దానంతటదే వెళ్ళి, ఆపుతున్నట్టు హ్యాండిల్ మీద పడింది. మా ఆవిడకు నా సంగతి తెలుసు.

"ఒక్కపాలి కొట్టించీండి, ఏటైపోద్ది? ఏడాది బట్టి ఇనాలని కూకున్నారు కదా."

నిజానికి ఏమీ అయిపోదు. చూడడానికి మా నాన్న లేడు, అడగడానికి ఫోర్‌మన్ లేడు. అయినా మొదటి ఏడు నుంచీ దానికిస్తూ వచ్చిన సెలవును, నా దగ్గర ఉన్న చివరిరోజున నా చెవుల సంతోషం కోసం రద్దు చేయబుద్ధి కాలేదు.

"వద్దు," అన్నాను. "ఈవేళ దానికి సెలవు. నడిపించుకెల్లిపో. రేపు కొట్టుకో."

ఆయన ఒకపక్క, నేనొకపక్క వీధి చివరిదాకా నడిపించాం. కాస్త కుంటుతున్నది నేనే, బండి శుభ్రంగా నడిచింది. అక్కడినుంచి ఆయన ఒక్కడే తోసుకుంటూ పోయాడు. నేను వెనక్కి వచ్చి పేపరు పట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం వరండాలో కునుకు తీస్తుంటే, పెద్దరోడ్డు మలుపు దగ్గర మొదలైంది ఆ చప్పుడు. నిదానంగా, బరువుగా, గుమ్మం కేసి వస్తూ. ఇన్నేళ్ళూ నేను ఎప్పుడూ దాని మీదే ఉన్నాను, అది దూరం నుంచి ఎలా వస్తుందో నాకు తెలియనే తెలియదు. లోపల గిన్నె చప్పుడైంది. వెళ్ళి చూస్తే మా ఆవిడ స్టవ్ మీద టీకి నీళ్ళు పెడుతోంది.

"ఇప్పుడు టీ ఏటి?" అన్నాను.

"బండొస్తంది కదా," అంది, అని నా ముఖం చూసి ఆగిపోయింది.

బండి గేటు ముందునుంచి ఆగకుండానే వెళ్ళిపోయింది. ఇప్పుడు మా వీధిలో అన్నీ మీట నొక్కితే కదిలే బళ్ళే, అన్నిటిదీ ఒకే గొంతు, ఎవరు వస్తున్నారో వాళ్ళు ఫోను చేస్తేనే తెలుస్తుంది. స్టవ్ కట్టేయడానికి ఆమె చెయ్యి చాచింది. ఉండనీ అన్నాను. ఆ రోజు టీ పెందలాడే తాగాం.