పద్నాలుగో పేజీలో ఎర్ర సున్నా

ఏళ్ల తరబడి ఒక సున్నా మోస్తున్నాను. ఎర్రసిరాతో నేనే చుట్టిన సున్నా. రూపాయి కాసంత ఉంటుంది. అంత చిన్నదానికి ఇంత బరువేమిటని మీరు అడగవచ్చు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. పేరు మాత్రం అడగకండి. పేరు చెప్పే ధైర్యమే ఉంటే ఇది మీకు కాదు, చెప్పవలసినవాడికే చెప్పి ఉండేవాణ్ణి.

అమలాపురంలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మాది నాలుగు తరాలుగా వేదం చెప్పుకున్న ఇల్లు. నాకు వేదం అబ్బలేదు. పోనీలే, ఫిజిక్సు అబ్బింది కదా అని సరిపెట్టుకున్నాను. వయసులో ఉండగా పరమాణు కేంద్రకాల మీద రెండు వ్యాసాలు రాసి పంపితే రెండూ తిరిగొచ్చాయి. తర్వాత ఇంకోటి రాయలేదు. కాదు, రాయలేకపోయాను. ఒప్పుకోలుకి కూర్చుని మాటలు సర్దుకోవడమెందుకు?

ఏడుకొండలు నా శిష్యుడు. అంతర్వేది దగ్గర సముద్రంలో వేటకెళ్లే కుటుంబం వాళ్లది. నా దగ్గర డిగ్రీ చదివి, ఎమ్మెస్సీ అయ్యాక, డెబ్బైల చివర్లో మా కాలేజీకే డిమాన్‌స్ట్రేటరుగా వచ్చాడు. కూర్చోవయ్యా అన్నా నా ఎదుట కూర్చునేవాడు కాదు. నాకు అతనంటే ఇష్టం. ఈ మాట కూడా రాయాలి. ఇష్టం లేనివాడి తెలివి మనల్ని అంతగా కాల్చదు.

వేసవి సెలవుల్లో విశాఖపట్నం వెళ్లి, లైబ్రరీలో విదేశీ పత్రికలు తిరగేసి, అంకెలు చేత్తో రాసుకొచ్చేవాడు. ఒక ఏడు లిథియం పట్టుకొచ్చాడు. మామూలు లిథియం కేంద్రకంలో మూడు ప్రోటాన్లు, నాలుగు న్యూట్రాన్లు ఉంటాయి. ఇది వేరే రకం. దీనికి ఎనిమిది న్యూట్రాన్లు. రెప్పపాటు కూడా బతకదు. అందులో చివరి రెండు న్యూట్రాన్లు ఎంత వదులుగా అంటిపెట్టుకుని ఉంటాయో విదేశాల్లో ఎవరో కొలిచారు. ఆ ఒక్క కొలత పట్టుకుని, లాగరిథమ్ పట్టికలు ముందేసుకుని, ఆ కేంద్రకం ఎంత పెద్దదో మా ఏడుకొండలు లెక్క కట్టాడు. ఇరవై పేజీలు, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

కేంద్రకం సైజుకి ఒక సూత్రముంది. పదిహేడేళ్లుగా నేను బోర్డు మీద రాస్తున్నదే. ఈ లిథియం దానికి లొంగదని, దానికన్నా చాలా పెద్దదని అతని లెక్క. అదెలాగయ్యా అన్నాను.

“పలుపు పొడుగైతే గేదె దూరంగా మేస్తుంది గదండీ,” అన్నాడు నిలబడే. “ఆ రెండింటికీ కట్టు వదులండీ. అంచేత మిగతావాటికి ఎడంగా తిరుగుతాయండీ. పద్నాలుగో పేజీలో వాటిని విడదీసేనండి. మీరొకసారి చూసి, బావుందంటే విశాఖపట్నంలో ప్రొఫెసరు గారికెవరికైనా చూపించండి. నచ్చితే రీసెర్చికి చేర్చుకుంటారేమోనండీ.”

మూడు రోజులు చదివాను. తప్పు దొరకలేదు. దొరకాలని వెతికాను, గమనించండి. మూడో రోజు మా ఆవిడ కాఫీ తెచ్చి, మీ శిష్యుడి కాగితాలేనా, మీరింత శ్రద్ధగా చదవడం పెళ్లయ్యాక ఇదే చూడ్డం అని నవ్వింది. ఆ కొలత నేనూ చూడగలను, ఆ పట్టికలు నా బీరువాలోవే, ఆ సూత్రం నేను నేర్పిందే, మరి ఇది నాకెందుకు తట్టలేదు? వలలు తప్ప పుస్తకమెరగని ఇంట్లో పుట్టినవాడికి తట్టిందేమిటి? ఛీ, ఎంత నీచంగా అనుకున్నానో! కానీ అనుకున్నాను. ఎర్ర కలం తీసి, పద్నాలుగో పేజీలో ఆ విడదీసిన చోట సున్నా చుట్టి, ‘ఇది చెల్లదు’ అని పక్కన రాశాను.

రాసింది అతనికి చూపించాను. ముఖం వాడిపోయింది. అయినా ఒకమాటు ప్రొఫెసరు గారికీ చూపించమన్నాడు. సరేనన్నాను. ఆ నెలలోనే ప్రాక్టికల్ పరీక్షలకి ఎగ్జామినరుగా విశాఖపట్నం వెళ్లాను. కాగితాలు మాత్రం ల్యాబులో త్రాసుల బీరువాలో, అట్టపెట్టెల వెనక పెట్టి తాళం వేసి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి బస్టాండులో నిలబడి ఉన్నాడు. నా చేతిలో సంచీ అందుకున్నాడు.

“చూపించేరాండీ?”

“చూపించాను. పద్నాలుగో పేజీ దగ్గర ఆగి నవ్వారయ్యా.”

“ఆయ్,” అన్నాడు సంచీ భుజానికెత్తుకుని. “మీరూ అక్కడే సున్నా చుట్టేరు గదండీ. ఇద్దరు పెద్దలు ఒకే చోట పట్టుకున్నారంటే తప్పేనండీ. నా మూలంగా మీరు అంత పెద్దాయన ముందు చిన్నబోయేరు. క్షమించండి మేస్టారూ.”

నన్ను క్షమించమన్నాడు!

ఇంకెవరికైనా చూపించుకోవచ్చు కదా అంటారా? గురువు ఎర్రసిరాతో కొట్టేసిన కాగితం పట్టుకుని ఇంకొకరి గుమ్మం ఎక్కడమంటే, మా వైపు గురువుని అవమానించడమే. ఏడుకొండలు ఆ పని చచ్చినా చెయ్యడని నాకు తెలుసు. తెలిసే చుట్టాను. అతను కాగితాలు వెనక్కి అడగనైనా అడగలేదు. ఆ వేసవి నుంచి విశాఖపట్నం వెళ్లడం మానేసి ఇంటర్ పిల్లలకి ట్యూషన్లు మొదలుపెట్టాడు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆ ఏడాది నాకు అన్నం సహించింది, నిద్ర పట్టింది.

ఎనభైలు సగం దాటాక ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములోకి పరుగెత్తుకొచ్చాడు, చేతిలో సైన్సు పత్రిక.

“మేస్టారూ, చూసేరా! ఆ లిథియం కొలిచేరంటండీ! సూత్రానికి లొంగలేదంట, చాలా పెద్దదంట! మనదేనండీ!”

మనది అన్నాడు. నాది అనలేదు. నాకు ఆ క్షణంలో కూడా సిగ్గు కన్నా ముందు అసూయే వచ్చింది. అంత ఆనందం నాకెప్పుడైనా కలిగిందా?

“అప్పుడు నవ్విన ప్రొఫెసరు గారి పేరేంటండీ? ఒక్కసారి వెళ్లి ఇది చూపించొస్తాను. కోపంతో కాదండీ.”

అప్పుడైనా చెప్పవచ్చు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా.

“ఆయన పోయారయ్యా,” అన్నాను.

ఏడుకొండలు పత్రిక మెల్లగా మడిచాడు. “అయ్యో పాపం,” అన్నాడు. “ఉండుంటే సంతోషించేవారండీ.”

పుట్టనే పుట్టని మనిషిని నేను చంపితే, అతను కూర్చుని జాలిపడ్డాడు. నా ఎదుట అతను కూర్చోవడం అదే మొదటిసారి.

నేను రిటైరయిన రోజు సభలో మైకు పట్టుకుని, నా కాగితాల కోసం మా మేస్టారు విశాఖపట్నం దాకా వెళ్లి మాటపడి వచ్చేరండీ అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మెడలో దండతో తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

కాగితాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. అంచులు చెదలు కొట్టాయి, సిరా మాత్రం వెలవలేదు. ఇది చదివి మీరు నన్ను ఏమన్నా అనండి. క్షమించమని మాత్రం అడగను. ఆ మాట నా బదులు అతనే ఎప్పుడో అనేశాడు. చెప్పవలసింది మూడు ముక్కలే. ఇన్నేళ్లూ గొంతు దాటనివి కాగితం మీదికి వస్తున్నాయి, అదే చాలు.

ఏడుకొండలూ, పద్నాలుగో పేజీలో తప్పు లేదు. ఎవరూ నవ్వలేదు. నీ కాగితాలు అమలాపురం దాటలేదు.