పాలకేంద్రం గడియారంలో 1901

ఈ ఉదయం మా తమ్ముడి కూతురి మీద అన్యాయంగా నోరు పారేసుకున్నాను. తిరుపతిలో మేమిద్దరం పనిచేసే చిన్న కంపెనీ, పాలకేంద్రాల్లో చల్లబరిచే యంత్రాలను నడిపే పెట్టెలు తయారుచేస్తుంది. వాటిలో కాలాన్ని లెక్కించే కోడ్ వయసులో ఉండగా నేను రాసిందే. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే ఆ గడియారానికి అంకె దాచుకోవడానికి నేనిచ్చిన చోటు 2038 జనవరిలో నిండిపోతుంది. ఆ చోటును పెంచే పని ఇప్పుడు ఆ అమ్మాయిది. ఆమె బల్ల మీది పాత పెట్టెలో 1901 కనబడేసరికి, ఏదో నొక్కి పాడుచేసిందని అరిచాను. నిండితే మళ్లీ 1970కే వస్తుందని ఇన్నేళ్లూ నా నమ్మకం.

"యాడ నొక్కినాను పెదనాయనా? 2038 జనవరి దాటించినాను, అంతే. చోటు నిండితే లెక్క మైనస్‌లోకి పడి, 1970కి అన్నేళ్లు ఎనక్కి పోతాది. 1901 అని నువ్వే కొట్టి సూడు, తీసుకుంటాదేమో!"

కొట్టాను. తీసుకోలేదు. 1970కి ముందు సంవత్సరాన్ని ఒప్పుకోకుండా పెట్టె మీది మీటలను కట్టడి చేసింది కూడా నేనే.

పాతికేళ్ల కిందటి పాకాల కళ్లముందుకు వచ్చింది. అక్కడి పాలకేంద్రంలో యంత్రం చూసుకునేది మా బావ. ఒక సాయంత్రం పరీక్ష కోసమని గడియారాన్ని 2038లో ఆ గడువుకు దగ్గరగా జరిపి, తిరిగి సరిచేశాననే అనుకుని బస్సెక్కాను. తెల్లవారేసరికి యంత్రం ఆగి, పాలన్నీ విరిగి, గడియారంలో 1901 ఉంది. నా పొరపాటైతే 1970 ఉండాలి కదా, ఇది మీటలు నొక్కిన చేతి పనేనని పదిమందిలో అన్నాను. బావ ఉద్యోగం పోయింది. తాను ముట్టలేదని ఆయన ఎంత మొత్తుకున్నా, చదువుకున్న తమ్ముడినని నా మాటే మా అక్క నమ్మింది.

అమ్మాయిని క్షమించమని అడిగి, ఆ పాత పెట్టెను ఒళ్లో పెట్టుకుని మధ్యాహ్నం పాకాల బస్సెక్కాను. గడియారానికి చోటు పెంచడం ఇప్పుడు నాలుగు రోజుల పని, మనిషి మీద ఒకసారి పడిన అనుమానం మాత్రం ఏ కొత్త కోడ్‌కూ లొంగదని దారి పొడవునా అనిపించింది.

వాళ్ల ఇంటి వాకిట్లో పెట్టె చేతికిస్తే, బావ మూడుసార్లు 1901 కొట్టాడు. మూడుసార్లూ పెట్టె తిరగ్గొట్టింది. తప్పు నాదేనని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకుని, "నాకెందుకు సూపిస్తావప్పా? నేను ముట్టలేదని నాకు అప్పుడే తెలుసు. పో, లోపల మీ అక్క ఉండాది" అన్నాడు.

పెట్టె తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి ముందున్న అక్క చేతికి దాన్నిచ్చి, మొదటినుంచీ చెప్పాను.