చుక్క తరవాత ఇంటిపేరు

మా పిన్నమ్మ పోయింది. ఆఫీసుకి పోతూ మైలాపూరు స్టేషను మెట్లెక్కుతుంటే అమ్మ ఫోను చేసింది. "మీ పిన్నమ్మ పొద్దున లెయ్యలేదే" అంది. లెయ్యకపోతే లేపరాదా అనబోయాను. అమ్మ ఏడుపు వినబడ్డాకగాని నాకు సంగతి తలకెక్కలేదు.

ముందురోజు సాయంత్రమే పిన్నమ్మతో మాట్లాడాను. రైలు రొదలో లైను తెగిపోయింది. ఫోను పెట్టేసే ముందు ఎవరైనా "ఉంటాను" అంటారు. ఆమె మాత్రం "సెరి, చుక్క" అనేది. మాట ముగిసింది, ఇక పెట్టెయ్యమని అర్థం. ఆ రోజు అది వినకుండానే తెగిపోయింది. ఇప్పుడు నా బెంగంతా ఆ ఒక్క మాట మీదే.

ఆమె బతుకుతెరువు కూడా చుక్కతోనే. వెబ్‌సైట్లకు పేర్లు ఇప్పించే చిన్న కంపెనీ నడిపేది. అడ్రసు చెప్పేటప్పుడు అందరిలా డాట్ అనేది కాదు, చుక్క అనేది. అవతల తమిళులున్నా, దొరలున్నా అంతే. నవ్వితే, "పొద్దున్నే నేను వాకిట్లో పెట్టేది డాట్లా? చుక్కలు గదా!" అని ఎదురు తిరిగేది.

అడ్రసులో చివరి చుక్క తరవాత కామ్ అనో, ఇన్ అనో ఉంటుంది కదా. అలాగే సంగీతంవాళ్ళందరికీ 'మ్యూజిక్' అనే ముగింపు రాబోతోందని, దాన్ని నడిపే హక్కు ప్రపంచం మొత్తంలో ఒక్క కంపెనీకే ఇస్తారని తెలిసింది. పిన్నమ్మ కొంగు బిగించింది. అప్పట్లో నేను ఆమె దగ్గరే పనిచేసేదాన్ని.

"పెద్ద పెద్ద కంపెనీలు పోటీకొస్తా ఉండాయి పిన్నమ్మా. వాళ్ళేడ, మనమేడ?" అన్నాను.

"వాళ్ళకి దక్కితే పేరున్నోళ్ళకే ఇస్తారే. పెండ్లిలో వాయించేవాడికి ఎవురిస్తారు?" అంది.

సంగీతంవాళ్ళ మద్దతు కావాలని ఊరంతా తిరిగాం. సభల్లో పాడేవాళ్ళు, చర్చిలో పాడేవాళ్ళు, ఎవరినీ వదల్లేదు. తిరువొత్తియూరులో ఒక బ్యాండు మేస్త్రి ఉన్నాడు, తెలుగాయనే. ఆయనకు ఇదంతా ఎలా చెప్పాలా అని నేను తడుముకుంటుంటే పిన్నమ్మ అందుకుంది. "ఇది మీకందరికీ ఇంటిపేరు మాదిరి మేస్త్రీ. ఎవురి పేరు వాళ్ళదే. ఇంటిపేరు మాత్రం ఒకటే." ఆయన మొహం వెలిగిపోయింది.

మళ్ళీ వెళ్ళేసరికి ఆయన పెద్ద డ్రమ్ము మీద రంగులతో అడ్రసు రాయించేశాడు. మాకింకా హక్కే రాలేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! అదీగాక తలకిందులుగా రాయించాడు. ముందు మ్యూజిక్, తరవాత ఎర్రటి చుక్క, ఆ తరవాత ఆయన పేరు. నెట్‌లో పేరే ముందు రావాలని చెప్పాను.

"ఇంటిపేరన్నారు గదమ్మా. మన్లో అది ముందర్నే గదా వస్తాది?" అన్నాడు మేస్త్రి.

పిన్నమ్మ కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఆ చుక్కేంది మేస్త్రీ, సాసరంత ఉండాది?"

"చిన్నది పెడితే ఈగ వాలిందనుకుంటారమ్మా."

మళ్ళీ రాయిద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. "ఉండనీ. తెలుగోడి అడ్రసు అట్లానే ఉండాల" అంది.

చివరికి ఆ హక్కు వేరే దేశం కంపెనీకి పోయింది. ఆ రోజు ఆమె మెయిలు చదివి మూసేసింది. తరవాత అడిగింది ఒక్కటే. "మేస్త్రికి ఎవురు చెప్తారే?" నన్ను పంపలేదు. తనే రైలెక్కి పోయి చెప్పొచ్చింది. "చెరిపించేదా అమ్మా అన్నాడే. నాకు నోరు రాలేదు" అంది వచ్చాక. అంతకు మించి ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. కాని వీధిలో పెళ్ళి బ్యాండు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి గేటు దగ్గరికి పోయేది. డ్రమ్ము కేసి చూసి వెనక్కి వచ్చేది. ఆమె బాధ హక్కు దక్కనందుకు కాదని, మేస్త్రికిచ్చిన మాట నిలబెట్టుకోలేనందుకని నాకు తెలుసు. అందుకే అడగలేకపోయేదాన్ని.

పిన్నమ్మ పోయిన ఆ పొద్దున వాకిట్లో ముగ్గు లేదు. ఇంటిముందు చెప్పులు నిండిపోయాయి. ఎవరు కబురు పెట్టారో తెలియదు, మేస్త్రి మనుషులతో వచ్చాడు. ఆయనకూ జుట్టు నెరిసింది. "అమ్మకి మేం వాయిస్తాం" అన్నాడు.

ఆడవాళ్ళం గేటు దగ్గరే ఆగిపోయాం. పిన్నమ్మను తీసుకుపోతున్నారు, ముందు బ్యాండు నడుస్తోంది. నాకు కేకపెట్టి పిలవాలనిపించింది. నిన్న తెగిపోయిన మాట పూర్తి చేసి పొమ్మని అడగాలనిపించింది. వీధి చివర మలుపు తిరిగేటప్పుడు డ్రమ్ము మొహం మా వైపుకి వచ్చింది. రంగు వెలిసింది గాని ఆయన చెరిపించలేదు. చుక్క మీద మాత్రం కొత్తగా ఎరుపు పూయించినట్టున్నాడు. ముందు మేస్త్రి పేరు గోడ చాటుకి పోయింది. మ్యూజిక్, పక్కన సాసరంత చుక్క, ఇంకాసేపు ఎండలో కనిపించాయి.