వరండాలో గొయ్యి

ఖమ్మంలో మా అబ్బాయి చదివే బడికి నేను వెళ్ళినప్పుడు ఎవరో నల్లబల్లను తడిగుడ్డతో తుడుస్తున్నారు. ఆ తడి సుద్ద వాసనకు, ఇల్లందులో మాకు లెక్కలు చెప్పిన విమల టీచర్ గుర్తొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాను.

తొమ్మిదో తరగతిలో మొదటిరోజే ఆమె బోర్డు మీద రెండు గీతలు గీసింది. ఒకదాని కొసల్లో చిన్న గీతలను రెక్కల్లా లోపలికి మడిచి, రెండోదానికి బయటికి విప్పింది. ఏది పొడుగని అడిగితే అందరం రెండోదే అన్నాం. కొలిస్తే రెండూ సమానం. లెక్కల్లో ఎప్పుడూ తప్పే నేను పౌరుషంగా, "స్కేలే తప్పేమో టీచర్" అన్నాను. ఆమె కోప్పడలేదు. "అయితే ఇంకో స్కేలు తేపో" అంది. పక్క తరగతి నుంచి తెచ్చాను. మళ్ళీ సమానమే. "కన్ను ఎందుకు మోసపోయిందో చెప్పుడే లెక్క" అంది.

ఆమె బొమ్మలు లెక్కల గంట దాటి పోయాయి. బాతులాగా, కుందేలులాగా రెండు విధాల కనిపించే బొమ్మను తెలుగు సారు అడిగి తీసుకుని శ్లేష చెప్పాడు. ఒకే మాటకు రెండర్థాలుండడం అప్పుడే నాకు తలకెక్కింది. సోషల్ సారు గుట్ట బొమ్మను తలకిందులు చేసి లోయగా చూపించి, నీడ ఎటు పడిందో చూడమన్నాడు.

పరీక్షల ముందు ఈ గోలేమిటని హెడ్మాస్టరు విసుక్కునేవాడు. మా నాన్న కూడా ఒకరోజు గని డ్యూటీ దిగి, "లెక్కలు చెప్పుమంటే బొమ్మలేంది? నేనే అడుగుత" అంటూ నా వెంట బడికి వచ్చాడు. ఆయన అడిగితే బొమ్మలు ఆగిపోతాయని నా భయం.

వరండా నేల మీద మేము సుద్దతో గీసిన పెద్ద గొయ్యి ఉంది. నాన్న దాని అంచున ఠక్కున ఆగి, నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "గీడ ఎవరు తవ్విండ్రు?" అన్నాడు. టీచర్ నవ్వి, "పక్కకొచ్చి చూడుండ్రి అన్నా" అంది. పక్కనుంచి చూస్తే అన్నీ సాగదీసిన గీతలే. నాన్న అటూ ఇటూ తిరిగి, "గింత పొడుగు గీయాల్నని ఎట్ల తెలుస్తది?" అని అడిగాడు. టీచర్ జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. చూసేవాళ్ళ కంటి ఎత్తు, నిలబడే దూరం, త్రిభుజాల నిష్పత్తి, అన్నీ నేల మీద గీసి చెప్పాను. ఎక్కడా తడబడలేదు.

"లెక్కలల్ల ఫెయిలైన పిల్లవు నువ్వేనా బిడ్డా?" అన్నాడు నాన్న. అంతలో హెడ్మాస్టరు గదిలోంచి వచ్చి, గోడకు ఆనుకుంటూ గొయ్యి పక్కగా జాగ్రత్తగా నడిచాడు. "సార్, మేడంను గీయనియ్యుండ్రి. మా పిల్లకు లెక్కలొస్తున్నయ్" అన్నాడు నాన్న. హెడ్మాస్టరు తన కాళ్ళకేసి చూసుకుని, "మంచిది. గోడల మీద మాత్రం వద్దు" అని వెళ్ళిపోయాడు.

పదో తరగతి లెక్కల్లో గట్టెక్కాను. టీచర్ బదిలీ మీద భద్రాచలం వైపు వెళ్ళిపోయింది. ఇప్పటికీ ఇంట్లో మాటామాటా పెరిగితే, లేచి వెళ్ళి మా ఆయన పక్కన కూర్చుంటాను. "ఏందే, కొట్లాట బంద్ జేసినవా?" అంటాడు. "లేదు. నీకెట్ల కనబడుతుందో చూస్తున్న" అంటాను. చాలాసార్లు నాదే రైటు. ఆయనది రైటయిన రోజు మాత్రం టీ నేనే పెడతాను.