శాటిలైట్‌కు కనిపించిన పడవ

పాలకొల్లు వెళ్ళే బస్సులో పక్క సీటామె నాకు ఫోనులో ఒక వీడియో చూపించింది. తుపానులో గల్లంతైన మన వేట పడవను పరాయి దేశపు నౌకాదళం గూఢచారులదనుకుని పట్టుకుందట. జైల్లో ఉన్న మనవాళ్ళ ముఖాలు శాటిలైట్‌కు కనిపించాయట.

"మా ఆయన ఆ పడవలోనే వెళ్ళారండి," అందామె.

ఇలాంటి బూటకాల మీద నేను ఎన్నో వ్యాసాలు రాశాను. జైలు కప్పులోంచి ముఖాలు చూసే శాటిలైట్ ఏదీ లేదన్నాను. పడవ మీది అక్షరాలు మన దేశానివే కావని వేలితో చూపించాను.

ఆమె వాదించలేదు. "నాకూ అనుమానమేనండి. కానీ ఇది చూశాకే మా అత్తగారు కర్మ ఆపించారు. లేకపోతే ఈపాటికి నా గాజులు పగలగొట్టేద్దురు."

"భర్త పోయినా గాజులు వేసుకోవచ్చమ్మా. అది మీ ఇష్టం."

"మా ఇంటికొచ్చి ఆవిడతో చెబుతారా ఏంటి?" అని నవ్వింది.

అంతలో ఆమె దిగాల్సిన ఊరు వచ్చింది. "వీడియో సంగతి ఎక్కడా అనకండేం," అని గాజుల చేత్తో బుట్ట ఎత్తుకుని దిగిపోయింది.

ఆ వీడియోను ఇప్పటికీ ఎవరో ఒకరు నాకు పంపుతుంటారు. గదిలో ఒంటరిగా కూర్చుని, అబద్ధమని జవాబు రాస్తాను. పంపకుండానే చెరిపేస్తాను.